కొండలెక్కే బండికి హైవే ఎక్కుడెందుకు భారం?

బీదర్ సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఎర్రరాతి పీఠభూమి అంచున ఉన్న పట్టణం. కోట దాటి ఉత్తరానికి వెళితే నేల దిగిపోతూ మంజీర లోయలో కలుస్తుంది. మొరం బాటలు, వానకు కోసుకుపోయిన గట్లు, వాగు దాట్లు ఉన్న ఈ నేల మీద థార్, జిప్సీ, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లకు ఎదురుండదు. అదే బండి నలుగురినీ వాళ్ల సామాన్లనూ ఎక్కించుకుని శ్రీశైలానికో, తిరుమలకో, చోర్లా ఘాట్ మీదుగా గోవాకో బయల్దేరితే కథ మారిపోతుంది. నున్నటి తారు రోడ్డు మీద, పెద్ద నిటారుగా కూడా కనిపించని ఎక్కుడులో అది మూడో గేరుకు దిగి, రొద పెట్టి, యాభై అరవై దగ్గర ఆగిపోతుంది. పక్కనుంచి చిన్న హ్యాచ్‌బ్యాక్ చల్లగా దాటిపోతుంది.

ఎందుకిలా అని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. ఇంజిన్‌లో దమ్ము లేదంటారు కొందరు. టైర్లు మార్చి చెడగొట్టుకున్నారంటారు మరికొందరు. ఎండకు ఇంజిన్ హీటెక్కిందనేవారు, నడపడం రాలేదని తేల్చేసేవారు కూడా ఉన్నారు. ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఆ బండి కొన్ననాటి నుంచీ ఇంతేనా, ఈమధ్యనే ఇలా అయిందా? ఈ రెండింటినీ విడదీయకుండా వాదిస్తే ఎన్నాళ్లయినా తెగదు.

జీపు వచ్చిన దారి

ఈ బండ్ల పుట్టుకలోనే సగం జవాబుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 60 హార్స్‌పవర్, మూడు గేర్లు. బురదలో, ఇసుకలో, గుంతల్లో నెమ్మదిగానైనా ఆగకుండా పోవడమే దాని పని. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో ఆ జీపులను బిగించడం ప్రారంభించింది. తర్వాత సీజే-3బీ అనే జీపు దశాబ్దాల పాటు మన దేశంలో తయారైంది. తహసీల్దారుకు, పోలీసులకు, అటవీ శాఖకు, ఇరిగేషన్ ఇంజినీరుకు బండి అంటే అదే. ఆ రోజుల్లో రోడ్డు మీద అన్నీ నెమ్మదిగానే వెళ్లేవి కనుక ఎక్కుడులో జీపు నలభైకి పడిపోయినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

తర్వాత జీపులకు పెజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. రెండు లీటర్ల పైచిలుకు సైజు, టర్బో లేదు, శక్తి 62 హార్స్‌పవర్ ప్రాంతం. ఖర్చు తగ్గింది, లాగుడు బాగుంది, వేగం మాత్రం అక్కడే ఉంది. 1985 చివర్లో మారుతి జిప్సీ ఒక లీటరు ఇంజిన్‌తో, 45 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్లకు మారాక 60కి, ఆ తర్వాత మల్టీపాయింట్ ఇంజెక్షన్‌తో 80కి చేరింది. 2010 థార్‌లో 105 హార్స్‌పవర్ డీజిల్ ఉంటే, 2020 థార్‌లో డీజిల్ 130కి, పెట్రోలు 150కి చేరాయి. ఫోర్స్ గూర్ఖా మరీ స్పష్టమైన ఉదాహరణ. అదే 2.6 లీటర్ల డీజిల్ 2021లో 91 హార్స్‌పవర్ ఇస్తే, 2024లో 140 ఇచ్చింది. రాళ్లలో పాకడానికి 91 చాలు. అదనంగా చేర్చిన 49 ప్రధానంగా హైవే కోసమేనని నా అభిప్రాయం.

ఈ చరిత్రలో బీదర్ పొరుగు ఊరికీ చోటుంది. ముప్పై కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి ట్రక్కులు చేసిన కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. అందుకే బండి లాగడం, లాగకపోవడం అనే మాట ఈ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దుపోని కబుర్లలో పుట్టింది కాదు. బండ్ల పనే చేసుకుని బతికేవాళ్లు మాట్లాడుకునే మాట అది.

ఎక్కుడు అడిగేదెంత

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో రోడ్డు వాలు మామూలుగా 3.3 శాతం మించకూడదు. తప్పనప్పుడు 5 శాతం, మరీ గత్యంతరం లేనిచోట 6.7 శాతం. నిటారు కొండల్లో మామూలు హద్దు 6 శాతం, అరుదుగా 8 దాకా. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 18 కిలోమీటర్లలో దాదాపు 700 మీటర్లు ఎక్కాలి. అంటే సగటున 4 శాతం లోపే. మొరం గట్టు మీద 40 శాతం వాలు ఎక్కిన బండికి ఇదొక లెక్కా అనిపిస్తుంది.

లెక్కే. గట్టెక్కేటప్పుడు వేగం గంటకు ఐదు కిలోమీటర్లు. లో-రేంజ్ గేరు ఇంజిన్ తోపుడును ఎన్నో రెట్లు పెంచి చక్రాలకు ఇస్తుంది. తొందర లేదు కనుక కొద్దిపాటి శక్తితో పని జరుగుతుంది. హైవే మీద ఎనభైలో ఎక్కాలంటే ఆ తోపుడును సెకనుకు 22 మీటర్ల చొప్పున ముందుకు మోస్తూనే ఉండాలి. తోపుడుకు వేగం తోడైతేనే శక్తి. ఈ ఒక్క మాట అర్థమైతే సగం గందరగోళం తీరుతుంది.

అంకెల్లో చూద్దాం. మనుషులతో, సామానుతో కలిపి రెండు వేల కిలోలున్న ఆఫ్‌రోడ్ బండి 6 శాతం ఎక్కుడును ఎనభైలో ఎక్కుతోంది అనుకుందాం. బరువును పైకి తోయడానికి సుమారు 1,180 న్యూటన్లు కావాలి. మడ్ టైర్ల రాపిడికి 350 దాకా, పెట్టెలాంటి ఆ ఆకారానికి అడ్డుపడే గాలికి 410 దాకా పోతాయి. గేర్‌బాక్సులో, యాక్సిళ్లలో పోయేది కూడా కలిపితే ఇంజిన్ నుంచి దాదాపు 70 హార్స్‌పవర్ ఆగకుండా రావాలి. వందలో వెళ్లాలంటే 95. ఇదే ఎక్కుడులో 1,400 కిలోల మామూలు కారుకు ఎనభైలో నలభై పైచిలుకు చాలు. హ్యాచ్‌బ్యాక్ దాటిపోవడంలో వింతేమీ లేదు.

ఈ లెక్కను పాత బండ్లకు వేస్తే సంగతి తేటతెల్లమవుతుంది. 62 హార్స్‌పవర్ జీపు ఆ ఎక్కుడులో ఎనభై నిలబెట్టలేదు, అది కొత్తదైనా సరే. నలుగురెక్కిన తొలి జిప్సీకి తన 45 అంతా, చివరి చుక్క దాకా ఖర్చవుతుంది. దాన్ని చూసి బండి చెడిందనుకుని ఇంజిన్ విప్పించినవాళ్లు అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నట్టే.

దమ్ము వాదం: టార్క్ గొప్పదా, హార్స్‌పవరా?

ఇంజిన్‌లోనే తేడా ఉందనేవాళ్లలో మళ్లీ రెండు పక్షాలు. డీజిల్ అభిమానులకు టార్కే సర్వం. థార్ డీజిల్ 300 న్యూటన్ మీటర్లిస్తే జిమ్నీ పెట్రోలు 134 మాత్రమే ఇస్తుంది, ఇక ఘాట్ మీద పోలికేమిటని వాళ్ల ప్రశ్న. జిమ్నీకి 105 హార్స్‌పవర్ ఉంది, బరువేమో 1,200 కిలోల ప్రాంతం, ఇంకేం కావాలని అవతలి పక్షం.

రెండు పక్షాలూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూస్తున్నాయి. 2,000 ఆర్‌పీఎం దగ్గర 300 న్యూటన్ మీటర్లంటే అప్పటికే 84 హార్స్‌పవర్ చేతికి వచ్చినట్టు. గేరు మార్చకపోయినా బండి లాగేస్తుంది. జిమ్నీ అదే 2,000 దగ్గర ముప్పై పైచిలుకు దాటదు. 4,000కి తీసుకెళితే 75 వస్తుంది. శక్తి ఉంది, కానీ పై ఆర్‌పీఎంలో ఉంది. డీజిల్‌కు అలవాటుపడిన చెయ్యి పెట్రోలు బండిని కూడా 2,000 దగ్గరే ఉంచి, లోడ్ తీసుకోవడం లేదంటుంది. ఇంజిన్ అరుస్తోందని జాలిపడి గేరు పైకి వేస్తే బండి ఇంకా చతికిలబడుతుంది. నా మటుకు ఈ వాదంలో టార్క్ పక్షం సౌకర్యం గురించి సరిగ్గానే చెబుతోంది, వేగం గురించి మాత్రం తప్పు చెబుతోంది. ఎక్కుడులో నిలబెట్టగల గరిష్ఠ వేగాన్ని తేల్చేది హార్స్‌పవరే.

ఎత్తు, ఎండ ఈ వాదానికే చేరతాయి. 700 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 7 శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల వేడి ఇంకో 8 శాతం తీసుకుంటుంది. టర్బో లేని జిప్సీకో పాత జీపుకో ఇది నేరుగా తగిలే దెబ్బ. చలికాలం పొద్దున నాలుగో గేరులో ఎక్కిన రోడ్డు ఎండాకాలం మూడోది అడగడానికి కారణం ఇదే. టర్బో ఉన్న బండ్లు చాలావరకు దీన్ని పూడ్చుకుంటాయి.

టైర్లు, బరువు, గాలి

రెండో వాదానికి అభిమానులు ఎక్కువ, ఎందుకంటే అది కంటికి కనబడుతుంది. బండి కొన్న నెలకే పెద్ద మడ్ టైర్లు, ముందు ఇనప బంపరు, వించి, పైన క్యారియరు, దాని మీద లైట్ల బారు, వెనక జెర్రీ క్యాన్లు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే ఇద్దరు మనుషుల బరువు. ముందు పెట్టే ఇనప బుల్ బార్లను 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ చట్టవిరుద్ధమని చెప్పినా అవి ఇంకా రోడ్డు మీద కనిపిస్తూనే ఉన్నాయి. పాదచారులకు వాటి వల్ల జరిగే హాని ముందు ఎక్కుడు సంగతి చాలా చిన్నది, వాటిని తీసేయడానికి ఆ హాని ఒక్కటే చాలు.

జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే 733. అంటే ప్రతి గేరూ 6 శాతం పొడవైపోతుంది, చక్రం దగ్గర తోపుడు అంతే తగ్గుతుంది. దీనివల్ల బండి శక్తే పోయిందంటారు. అది నిజం కాదు. శక్తి ఎక్కడికీ పోలేదు, ఒక గేరు దిగితే తిరిగి దొరుకుతుంది. నిజంగా శక్తిని తినేవి మడ్ టైరు రాపిడి, దాని బరువు, బండిని పైకెత్తడం వల్ల పెరిగే గాలి అడ్డు. ఇంకొక చిన్న సంగతి: పెద్ద టైరు వేశాక స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది. అందుకే కొందరు తమ బండి ఉన్నదానికన్నా నెమ్మదించిందని అనుకుంటారు.

ఈ వాదం బలహీనత ఎక్కడంటే, ఏ మార్పూ చేయని బండి కూడా ఎక్కుడులో తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదాంట్లోనే టైర్ల, బరువుల పాత్ర.

వేడి, మురికి, మరమ్మతు

మెకానిక్కుల వాదం ఇది. పై రెండింటికన్నా తక్కువగా వినబడినా, ఈమధ్యనే బలహీనపడిన బండి విషయంలో నేను దీన్నే ముందు నమ్ముతాను.

ఆఫ్‌రోడ్ తిరిగిన బండి రేడియేటరును ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. కడిగేవాళ్లు ముందు కనిపించే ఏసీ కండెన్సరును కడిగి వదిలేస్తారు. దాని వెనక, రేడియేటరుకూ దానికీ మధ్య ఉన్న రెండు వేళ్ల సందులో ఎర్రమట్టి, గడ్డి గింజలు, రెక్కల పురుగులు చేరి గట్టి పొరలా పట్టేసి ఉంటాయి. బల్ల పరుపు రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు గాలి ఎలాగో దూరి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. ఎక్కుడులో వేగం తక్కువ, శ్రమ ఎక్కువ. అప్పుడు ఆ మట్టి తన పని చేస్తుంది. పాత జీపైతే నీళ్లు మరిగి పొగలు కక్కి ఆగిపోయేది, ఘాట్ మలుపు దగ్గర బానెట్ ఎత్తి నిలబడేవాళ్లు. ఇప్పటి బండ్లలో కంప్యూటరు ఇంజిన్‌ను కాపాడుకోవడానికి చడీచప్పుడు లేకుండా శక్తి తగ్గించేస్తుంది. ఆవిరి ఉండదు, చప్పుడు ఉండదు, నడిపేవాడికి తెలిసేది ఒక్కటే, బండి లాగట్లేదని. ఆ పొరను కండెన్సరు సడలించి, ఇంజిన్ వైపు నుంచి బయటకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగాలి. ముందు నుంచి ప్రెషర్ గన్‌తో కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగిపోతాయి.

మిగతావాటికి ఎవరి గుర్తులు వాటికున్నాయి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే, కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు జారుతోంది. తొక్కినప్పుడు నల్లపొగ, బుస్సుమనే చప్పుడు ఉంటే ఇంటర్‌కూలర్ గొట్టం లీకు, క్లిప్పు దగ్గర నూనె తడి కనిపిస్తుంది. మొరం దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు సర్వీసు పుస్తకం చెప్పిన గడువుకన్నా ముందే మూసుకుపోతుంది. ప్రయాణం ఆపాక ఒక చక్రం మాత్రమే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. వాగు దాటిన బండ్లలో ఇది మామూలే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిళ్లలో పొగమసి వడపోత ఇంకొక అనుమానితుడు. పొట్టి దూరాలు, నెమ్మది ప్రయాణాలు మాత్రమే చేస్తే అది నిండిపోతుంది, నిండితే ఇంజిన్ వెనక్కి తగ్గుతుంది.

నడిపే చెయ్యి

నడపడం రానివాళ్ల గోలే ఇదంతా అని కొట్టిపారేసేవాళ్లు అన్యాయం చేస్తున్నారు, కానీ వాళ్ల మాటలో పస ఉంది. శ్రీశైలం దారినే తీసుకుంటే, అమ్రాబాద్ అడవి దాటి దోమలపెంట, ఈగలపెంట మీదుగా కృష్ణలోకి దిగి, డ్యామ్ దగ్గర నుంచి సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. అక్కడ బండ్లను ఓడించేది వాలు కాదు, మలుపులు. మలుపు తిరిగేటప్పటికి ఆర్‌పీఎం 1,500 కిందికి దిగిపోతే టర్బో నిద్రపోతుంది. తొక్కినా రెండు సెకన్లు స్పందన ఉండదు. మలుపులోకి వెళ్లకముందే గేరు దించినవాడికి ఈ బాధ లేదు. ఆటోమేటిక్ బండి మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో ఒక గేరును పట్టి ఉంచడం మంచిది. గేర్‌బాక్సు నూనె వేడి కూడా తగ్గుతుంది. ఏసీ ఆపడం నాలుగైదు హార్స్‌పవర్ ఆదా చేస్తుంది, జిప్సీకి అది పెద్ద మేలే, 130 ఉన్న థార్‌కు తెలియను కూడా తెలియదు.

ఫోర్‌వీల్ డ్రైవ్ వేస్తే ఎక్కుతుందన్న నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు. ఫోర్‌వీల్ పట్టునిస్తుంది, శక్తినివ్వదు. పొడి తారు మీద చక్రాలు జారడం లేదు కనుక దానితో పని లేదు. పైగా మధ్య డిఫరెన్షియల్ లేని ఈ బండ్లలో మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాల్సి వచ్చి ఇరుసుల మీద ఒత్తిడి పడుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. లో-రేంజ్ అయితే హైవే వేగానికి అసలు కుదరదు.

పక్కపక్కన పెడితే

కొత్తదైనప్పటి నుంచీ, ప్రతి ఎక్కుడులో, ప్రతి కాలంలో ఒకే తీరుగా తగ్గే బండి చెడినది కాదు, దాని శక్తి అంతే. ఇక్కడ దమ్ము వాదమే గెలుస్తుంది, నడిపే తీరు కొంత సాయపడుతుంది. మార్పులు చేయించాక తగ్గిన బండికి టైర్ల వాదం సరిపోతుంది. ఒరిజినల్ సైజు హైవే టైర్లతో ఒకసారి అదే రోడ్డు ఎక్కి చూస్తే తేలిపోతుంది. ఎండలోనే, లేదా పది నిమిషాలు ఎక్కాకే తగ్గే బండికి వేడి కారణం. ఒకప్పుడు ఎక్కిన రోడ్డును ఇప్పుడు ఎక్కలేని బండిని మెకానిక్కుకు చూపించాలి, వాదనకు పెట్టి లాభం లేదు. తరచుగా రెండు మూడు కారణాలు కలిసే వస్తాయి. అప్పుడు ఖర్చు లేనిది ముందు, ఖరీదైనది చివర చూడడం మేలు: గేరు, సామాను, టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, రేడియేటరు, ఆ తర్వాతే క్లచ్, టర్బో.

ఇంతలో రోడ్డు మీద జరిగేది మరిచిపోకూడదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు 2018 నుంచి గంటకు వంద దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో వచ్చేవాళ్ల ముందు నలభైలో ఎక్కుతున్న బండి ప్రమాదమే. ఎడమ వరుస వదలకూడదు, వెనకవాళ్లు హారన్ కొట్టారని కుడి వైపుకు పోకూడదు. ఇరుకు ఘాట్ రోడ్డులో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలని నిబంధన. దిగేవాళ్లలో ఎక్కువమంది దాన్ని పాటించరు.

తేలనివి

కొన్ని సంగతులు ఇంకా నలుగుతున్నాయి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలులో లీటరుకు శక్తి దాదాపు 7 శాతం తక్కువ. దాని వల్ల మైలేజీ తగ్గడం అర్థమయ్యేదే. దానికి సిద్ధం చేయని పాత జిప్సీల లాగుడు కూడా తగ్గుతుందా అన్నదాని మీద గ్యారేజీల్లో ఒక మాట మీద నిలబడరు. బీఎస్-6 డీజిళ్లు పదేళ్లు మొరం బాటలు తిరిగాక వాటి వడపోతలు, సెన్సర్లు ఎక్కుడులో ఎలా ప్రవర్తిస్తాయో కాలమే చూపాలి.

అన్నింటికన్నా పెద్ద లోటు కొలతది. మన దగ్గర ఏఐఎస్-003 ప్రమాణం చూసేది వాలు మీద ఆగిన బండి కదిలి ఎక్కగలదా అన్నది మాత్రమే. కొంత వేగాన్ని నిలబెట్టి ఎంతసేపు ఎక్కగలదన్నది వేరే ప్రశ్న. అమెరికాలో ట్రెయిలర్లు లాగే బండ్లకు ఎస్‌ఏఈ జె2807 అనే పరీక్ష ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు మీద, నలభై డిగ్రీలకు దగ్గరైన వేడిలో, ఏసీ పూర్తిగా నడుస్తుండగా, నిండు బరువుతో, నిర్ణీత వేగం కన్నా తగ్గకుండా ఎక్కి చూపాలి. మన ఆఫ్‌రోడ్ బండ్ల ప్రకటనల్లో ఎంత లోతు నీళ్లు దాటగలదో, ఎంత కోణంలో రాయి ఎక్కగలదో మిల్లీమీటర్లతో, డిగ్రీలతో రాస్తారు. 6 శాతం ఎక్కుడులో, నలుగురు మనుషులతో, మే నెల ఎండలో, పది కిలోమీటర్ల పాటు నిలబెట్టగల వేగం ఎంతో మాత్రం ఎక్కడా రాయరు. బీదర్ నుంచి కుటుంబాన్ని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరేవాడు కొనేముందు తెలుసుకోవలసిన అంకె అదే.